191 సెంటీమీటర్లు, 68 కిలోలు: సెలక్షన్స్ లోపు 8 కిలోలు పెంచాలా, వద్దా?

సరూర్‌నగర్ కోర్టు (చర్చ పెట్టినవారు)
నా దగ్గర ఆడే కుర్రాడి సంగతి. వాలీబాల్, మిడిల్ బ్లాకర్ (నెట్ మధ్యలో ఎగిరి ఎదుటివాళ్ళ స్పైకులు ఆపేవాడు). వయసు 19, ఎత్తు 191 సెం.మీ., బరువు 68 కిలోలు. సెలక్షన్స్‌కి 16 వారాలుంది. ఎదుటివాడు గట్టిగా కొడితే బ్లాక్ చెదిరిపోతోంది, మూడో సెట్‌కల్లా కాళ్ళలో పస ఉండడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్, మెస్ తిండి. పొద్దున 6 నుంచి 8:30, సాయంత్రం 4:30 నుంచి 6:30 ప్రాక్టీసు. జిమ్‌లో ఏమంటున్నారంటే: మాస్ గెయినర్ (బరువు పెంచే పౌడర్) మొదలుపెట్టు, కనిపించిందల్లా తిను, 8 కిలోలు ఎక్కు. సీనియర్లేమో బరువు పెరిగితే జంప్ పోతుంది, జోలికి పోవద్దంటున్నారు. కుర్రాడి మాట ఒక్కటే: "ఎంత తిన్నా ఒళ్ళు పట్టట్లేదు." ఏ దారి సరైనదో లెక్కలతో చెప్పండి.

ఇనుప ప్లేటు
పెంచాలి, 8 కిలోలూ పెంచాలి. 191కి 68 అంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 18.6. తక్కువ బరువు గీత 18.5 దగ్గర ఉంది, దాన్ని ఆనుకునే ఉన్నాడు. బరువులెత్తడం కొత్త, వయసు 19, కండ ఇంత తొందరగా పట్టే కాలం మళ్ళీ రాదు. వారానికి అర కిలో చొప్పున 16 వారాలకు 8 కిలోలు. అందులో కొంత కొవ్వు వస్తే రానీ, సెలక్షన్స్ అయ్యాక దించొచ్చు. పొడుగువాళ్ళతో ఇంకో చిక్కుంది. 2 కిలోల కండ పొట్టివాడి మీద కంటికి కనిపిస్తుంది, 191 సెం.మీ. మనిషి మీద ఎక్కడ పడిందో కూడా తెలీదు. అద్దంలో తేడా లేదని మూడో వారంలోనే మానేస్తారు. అందుకే పెద్ద అంకె పెట్టుకోవాలంటాను.

నెట్ దగ్గర
ప్లేటన్నా, ఒక్క మ్యాచ్‌ల మిడిల్ బ్లాకర్ ఎన్నిసార్లు ఎగురుతడో చూసినవా? బాల్ తన దగ్గరికి రాకున్నా ఎగరాలె, తనే కొడ్తడని ఎదుటోళ్ళను నమ్మించనీకి గూడ ఉత్తగ ఎగరాలె. ఎగిరిన ప్రతిసారీ కిందికి దిగాలె గద. దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే తాకిడి ఒంటి బరువుకు ఎన్నో రెట్లుంటది. కాళ్ళల్ల బలం పెరగకముందే 8 కిలోలు ఎక్కితే రెండు నష్టాలు: చెయ్యి నెట్ మీద తక్కువ ఎత్తుకు లేస్తది, మోకాలు పోతది. సెలక్షన్‌ల తూకం మిషిన్ పెట్టరు, బ్లాక్ ఎత్తు చూస్తరు.

సీనియర్లు అన్నట్టు అసలే ముట్టుకోవద్దన్నది గూడ తప్పే. బలం లేనిదే బ్లాక్ నిలవది. నా లెక్క 16 వారాలల్ల 3 నుంచి 4 కిలోలు. ఇంకో మాట, తూకం ఒక్కటే చూస్తే మోసపోతరు. రెండు వారాలకోసారి గోడ మీద సుద్దముక్కతోని నిలబడి అందే ఎత్తు, ఎగిరి అందే ఎత్తు గీయాలె. పొద్దుగాల, ముందురోజు విశ్రాంతి తీసుకున్నంక, మూడుసార్లు ఎగిరి మంచిది రాసుకోవాలె. బరువు పెరుగుకుంట జంప్ అట్లనే ఉంటే, లేదంటే పెరుగుతుంటే సరైన తొవ్వల ఉన్నట్టు. వరుసగ రెండుసార్లు 2 సెం.మీ. దాకా తగ్గిందా, పెంచుడు ఆపాలె. అదే బరువు మీద మూడు వారాలు కాళ్ళ బలం చూసుకొని మళ్ళ మొదలు పెట్టాలె.

కొలతల గిన్నె
"ఎంత తిన్నా ఒళ్ళు పట్టట్లేదు" దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటికి పట్టే ఖర్చుకి మిఫ్లిన్ సూత్రం వాడతారు: బరువు × 10, ఎత్తు × 6.25, ఈ రెండూ కలిపి, వయసు × 5 తీసేసి, మగవాళ్ళకి 5 కలపాలి. ఈ కుర్రాడికి దాదాపు 1,780 కేలరీలు వస్తాయి. రోజుకి నాలుగున్నర గంటల ఆటకి 1.8తో గుణిస్తే సుమారు 3,200. ఇది ఉన్న బరువు నిలబడ్డానికి మాత్రమే. పెరగాలంటే ఇంకో 400, అంటే 3,600.

హాస్టల్ కుర్రాళ్ళు ఆదివారం బిర్యానీ కడుపు పగిలేలా తింటారు, అదే వాళ్ళకి గుర్తుంటుంది. సోమవారం టిఫిన్ మానేసింది, ప్రాక్టీసయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో ఆకలి చంపేసుకుంది గుర్తుండదు. వారం సగటు తీస్తే 2,600 దగ్గర ఆగుతుంది. మూడు రోజులు, వాటిలో ఒకటి ఆదివారం, నోట్లోకి పోయిందల్లా రాయించండి. అన్నం లెక్కలో అందరూ పొరబడేది ఒకటుంది: 150 గ్రాముల బియ్యం వండితే దాదాపు 400 గ్రాముల అన్నం అవుతుంది. ఆ 400 గ్రాముల అన్నంలో ఉండేది 525 కేలరీలు. వండిన అన్నం తూచి బియ్యం లెక్క వేస్తే రెండున్నర రెట్లు ఎక్కువ తిన్నట్టు కనిపిస్తుంది.

వేగం విషయంలో నెట్ దగ్గర గారితో ఏకీభవిస్తాను. వారానికి ఒంటి బరువులో 0.25 నుంచి 0.5 శాతం, అంటే 170 నుంచి 340 గ్రాములు. 16 వారాలకి 2.7 నుంచి 5.4 కిలోలు.

ఇనుప ప్లేటు
ఆ శాతాలు ఇప్పటికే కండ ఉన్నవాళ్ళకి సరిపోతాయి. కొత్తవాడు, పైగా తక్కువ బరువున్నవాడు మొదటి రెండు నెలలు అంతకన్నా వేగంగా పెరిగినా చాలావరకు పనికొచ్చే బరువే అవుతుంది. మొదటి 6 వారాలు 0.6 శాతం దాకా ఒప్పుకోండి, తర్వాత తగ్గించండి. జంప్ కొలత షరతు మాత్రం బాగుంది, దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ మెస్ తిండితో 3,600 ఎలా వస్తాయి? పౌడర్ లేకుండా కుదరదు.

కొలతల గిన్నె
కుదురుతుంది. మెస్‌లో అన్నానికి లోటు ఉండదు, లోటంతా ప్రోటీన్‌కే. గరిటెడు పలచటి పప్పులో మూడు నాలుగు గ్రాములు మించి ఉండదు. కండకి కిలో బరువుకి 1.6 నుంచి 2.2 గ్రాముల ప్రోటీన్ చాలు, ఇతనికి 110 నుంచి 150. ఒక రోజు ఇలా ఉండొచ్చు:

పొద్దున 5:30కి రెండు అరటిపళ్ళు: 200 కేలరీలు. కోర్టు నుంచి రాగానే 100 గ్రాముల పెసలతో చేసిన పెసరట్లు, మూడు ఉడికించిన గుడ్లు: 650 కేలరీలు, 42 గ్రాముల ప్రోటీన్. 11:30కి 300 మి.లీ. ఫుల్ క్రీమ్ పాలు, రెండు అరటిపళ్ళు, 30 గ్రాముల వేయించిన పల్లీలు మిక్సీలో వేసి తాగాలి: 630, 20. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, రెండు చెంచాల నెయ్యి, కూర, పెరుగు: 900 దాటుతుంది, 27. నాలుగింటికి 50 గ్రాముల పల్లీపట్టి: 250, 7. రాత్రి 120 గ్రాముల బియ్యం అన్నం, ఎముక లేని 150 గ్రాముల చికెన్ కూర: 700, 41. పడుకునే ముందు 300 మి.లీ. పాలు: 260, 10. అన్నీ కలిపితే 3,600, ప్రోటీన్ 150కి కాస్త తక్కువ.

హాస్టల్లో పెసరట్టు దొరక్కపోతే మెస్ ఇడ్లీ, దోశలకి ఇంకో రెండు గుడ్లు చేర్చండి. గదిలో గుడ్లు ఉడికించే చిన్న కుక్కర్, పల్లీల డబ్బా, మూత ఉన్న షేకర్ ఉంటే సగం పని అయినట్టే. పాల ప్యాకెట్ మీద ఏం రాసుందో చూసి కొనండి: ఫుల్ క్రీమ్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3. అర లీటరుకి దాదాపు 140 కేలరీల తేడా.

మూడు చోట్ల దెబ్బతింటారు. మొదటిది, ఆరోగ్యం కదా అని కొర్రలు, బ్రౌన్ రైస్, గిన్నెడు పచ్చికూరలు మొదలుపెడతారు. పీచుతో కడుపు నిండిపోయి 2,500 దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఇతనికి తెల్లన్నమే మేలు, కూర ఒక కప్పు చాలు. రెండోది, ఒక్కరోజులో 1,000 కేలరీలు పెంచి విరేచనాలు తెచ్చుకుని అంతా మానేస్తారు. ప్రతి ఐదు రోజులకి 200 చొప్పున పెంచాలి. పాలతో కడుపుబ్బరం వస్తే పెరుగుకి మారండి. మూడోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటాక ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు పెద్ద భోజనం రాత్రికి జరిపి, పగలు సపోటా షేకో, బెల్లం వేసిన రాగి జావ పాలతోనో తాగించాలి. మజ్జిగ దాహానికి మంచిదే కానీ బరువుకి పనికిరాదు, అందులో నీళ్ళే ఎక్కువ. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా తూచండి. తగ్గిన ప్రతి కిలోకి లీటరుంపావు నుంచి లీటరున్నర ద్రవం లోపలికి పోవాలి, కాస్త ఉప్పుతో. లేకపోతే మర్నాడు తూకంలో కనిపించే తగ్గుదల కండదో నీళ్ళదో తెలీదు.

కాచిగూడ శాకాహారి
గుడ్డు, చికెన్ తినని ఆటగాళ్ళకి ఇదే పట్టిక ఎలా మారుతుంది? ఇంకొకటి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని ఉంది. మరి పౌడర్ల సంగతేంటి?

కొలతల గిన్నె
మీల్ మేకర్ 50 గ్రాములు (పొడిగా తూచాలి) 26 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది, రాత్రి చికెన్ స్థానంలో అది సరిపోతుంది. వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి వండితే వాసన పోతుంది. గుడ్ల బదులు 100 గ్రాముల పనీర్. మధ్యలో 50 గ్రాముల పుట్నాలు తింటే ఇంకో 10 గ్రాములు. బీ12 మాత్రం పరీక్ష చేయించుకోవాలి, శాకాహారుల్లో అది తక్కువగా ఉండడం మామూలే.

ఎన్ఐఎన్ మాట మామూలు జనానికి చెప్పిన మాటగా చూస్తాను. పెద్ద మోతాదుల్లో ఏళ్ళ తరబడి పౌడర్లు తాగడం, వాటిలో కలిపే చక్కెర, ఆ సంస్థ చెప్పిన అభ్యంతరాలు ఇవి, రెండూ నిజమైనవే. రోజుకి నాలుగున్నర గంటలు ఆడేవాడి అవసరం వేరు. అయినా పై పట్టికలో పౌడర్ అక్కర్లేకుండానే 150 దగ్గరికి వచ్చాం. ప్రయాణాల్లో, టోర్నమెంట్లలో తిండి దొరకనప్పుడు ఒక స్కూపు వే (పాల నుంచి తీసిన ప్రోటీన్ పౌడర్) తాగితే 20 నుంచి 24 గ్రాములు వస్తుంది, అంతవరకే దాని అవసరం. మాస్ గెయినర్ జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. డబ్బా వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండిపదార్థం. అన్నంలో దొరికేదానికి డబ్బాల డబ్బు పోస్తున్నారు.

ఇనుప ప్లేటు
గెయినర్ మీద అంత కోపం అక్కర్లేదు. నమలడానికి ఓపిక లేనప్పుడు తాగే కేలరీలే పనిచేస్తాయి. కానీ పాలు, అరటిపండు, పల్లీలు అదే పని తక్కువ ఖర్చుతో చేస్తాయంటే కాదనలేను. కండరాలకి చటుక్కున శక్తినిచ్చే క్రియాటిన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ వేళ తాగినా ఒకటే. శాకాహారుల తిండిలో అది దాదాపు ఉండదు కాబట్టి వాళ్ళకి ఇంకా బాగా పనిచేస్తుంది. మొదట్లో కిలో దాకా పెరిగేది కండరాల్లో చేరిన నీళ్ళు, దాన్ని కండ అనుకోవద్దు.

నెట్ దగ్గర
డబ్బాల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. సెలక్షన్ల పేరు వచ్చినంక నాడా (డోపింగ్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ) వాళ్ళు ఎప్పుడైన శాంపిల్ అడుగుతరు. ఒంట్ల ఏం దొరికినా జవాబుదారీ ఆటగాడే, డబ్బా మీద రాయలేదన్న మాట నడ్వది. క్రియాటిన్, వే నిషేధం జాబితాల లేవు, కాని కల్తీ డబ్బాల స్టెరాయిడ్ ఉండొచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉంటే చాలదు, బ్యాచ్ బ్యాచ్‌కి డోపింగ్ పరీక్ష చేసిన ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి ముద్ర చూడుండ్రి.

అంతకన్న పెద్ద ముప్పు మెడికల్ షాపుల ఇచ్చే "ఒళ్ళొచ్చే గోలీలు". వాట్లల్ల సైప్రోహెప్టడిన్ ఉంటది, ఆకలి పెంచుతది, నిద్రమత్తు తెస్తది. బ్లాక్‌కి ఎప్పుడు ఎగరాలెనో కన్ను పట్టుకోదు. కొన్నిట్ల డెక్సామెథసోన్ గూడ కలుపుతరు. మొఖం ఉబ్బుతది, అది చూసి ఒళ్ళు చేసిండనుకుంటరు, లోపల కండ కరుగుతుంటది. పైగా అది నోటితోని మింగితే పోటీల సమయంల నిషేధం. పిలగాండ్లకు ఇది ముందే చెప్పాలె.

సరూర్‌నగర్ కోర్టు
తిండి లెక్క అర్థమైంది. జిమ్‌లో ఏం చేయించాలి? ఇప్పుడు సోమవారం ఛాతీ, మంగళవారం వీపు అని ఆరు రోజులు తిప్పుతున్నారు.

ఇనుప ప్లేటు
అది మాన్పించండి. కాళ్ళకి వారానికి ఒక్కరోజే దక్కుతుంది, ఆ రోజు చితక్కొడితే తర్వాత మూడు రోజులు జంప్ రాదు. ఒళ్ళంతా కలిపి వారానికి మూడు రోజులు, ఒక్కోటి గంట. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాకే, లేదా ఆట లేని రోజు. మ్యాచ్‌కి 48 గంటల ముందు నుంచీ కాళ్ళకి బరువులొద్దు, పోటీలు మొదలయ్యాక వారానికి రెండు రోజులు చాలు.

పొడుగువాళ్ళకి స్క్వాట్ (బార్ మోస్తూ కూర్చుని లేవడం) దగ్గరే తేడా వస్తుంది. తొడ ఎముక పొడుగు కాబట్టి వంగితే ఛాతీ ముందుకి పడిపోతుంది, భారమంతా నడుం మీదకి పోతుంది. మడమల కింద రెండు చిన్న ప్లేట్లు పెట్టి, బార్ ముందు వైపు పట్టుకుని ఫ్రంట్ స్క్వాట్ చేయించండి: 4 సెట్లు, సెట్‌కి 6 రెప్స్ (6 సార్లు). డెడ్‌లిఫ్ట్ (వంగి బార్ పట్టుకుని నిటారుగా లేవడం) నేల మీంచి వద్దు, ర్యాక్‌లో మోకాలి కింద నుంచి మొదలుపెట్టండి, 3 సెట్లు 6. రెండో రోజు వెనక కాలు బెంచీ మీద పెట్టి స్ప్లిట్ స్క్వాట్, కాలికి 3 సెట్లు 8. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్ళు పెద్దగా వంచకుండా బార్ దించి ఎత్తడం) 3 సెట్లు 8. పొడుగు చేతులవాళ్ళకి బార్ బెంచ్‌లో భుజం బాగా వెనక్కి పోతుంది, డంబెల్స్ మేలు. స్పైకులు కొట్టే భుజం కాబట్టి తోసేవాటికన్నా లాగేవి ఎక్కువుండాలి: చిన్-అప్స్, రోయింగ్, చివర్లో రబ్బరు బ్యాండుతో భుజం బయటికి తిప్పడం 2 సెట్లు 15. మెడ వెనక ప్రెస్ వద్దు.

20 కిలోల ఖాళీ బార్‌తో మొదలు. అన్ని సెట్లూ పూర్తి రెప్స్ వచ్చాకే 2.5 కిలోలు పెంచాలి, ఇంకో రెండు రెప్స్ చేయగలనన్న దగ్గర ఆపాలి. పక్కనున్న పొట్టివాడితో పోటీ వద్దు. 191 సెం.మీ. మనిషి బార్‌ని ఎక్కువ దూరం కదపాలి, అదే బరువుకి పని ఎక్కువ.

మోకాలి చిప్ప
ఫిజియోథెరపీ వైపు నుంచి రెండు విషయాలు. మొదటిది చిన్నది. కండ వారాల్లో బలపడుతుంది, మోకాలి చిప్ప కింద టెండన్‌కి (కండని ఎముకకి కలిపే గట్టి పట్టీ) నెలలు పడుతుంది. బరువు పెరిగే ఈ కాలంలోనే జంపింగ్ డ్రిల్స్ కూడా పెంచితే అక్కడ నొప్పి మొదలవుతుంది. నొప్పి 10కి 3 లోపు ఉండి, మర్నాటి పొద్దున పెరగకపోతే ఆడించొచ్చు. దాటితే జంప్‌లు సగానికి తగ్గించి, మోకాలు వంచి కదలకుండా భారం పట్టి ఉంచే హోల్డ్స్ చేయించాలి: 45 సెకన్లు, 5 సార్లు, మధ్య 2 నిమిషాల విశ్రాంతి. పూర్తి విశ్రాంతి ఇస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది.

రెండోది చాలా పెద్దది, ఎవరూ అనలేదు. చాలా పొడుగ్గా, బక్కగా, ఎంత తిన్నా బరువెక్కని ఆటగాడి చేత భారీ బరువులు ఎత్తించే ముందు మార్ఫాన్ సిండ్రోమ్ లేదని తేల్చుకోవాలి. పుట్టుకతో వచ్చే ఈ లోపంలో గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ మెల్లగా సాగిపోతుంది. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగసి ఆ గోడ చీలిపోవచ్చు. 1984 ఒలింపిక్స్‌లో అమెరికాకి వాలీబాల్ రజతం తెచ్చిన జట్టులోని ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కూలి చనిపోయింది, వయసు 31. మార్ఫాన్ ఉందని ఆమెకి బతికుండగా ఎవరూ చెప్పలేదు.

కోర్టు మీదే చూడగలిగినవి: చేతులు చాపితే వచ్చే కొలతని ఎత్తుతో భాగిస్తే 1.05 దాటడం, అంటే ఇతనికి 200 సెం.మీ. పైన. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తే గోరు అవతలికి పొడుచుకు రావడం. ఒక చేతి బొటనవేలు, చిటికెనవేలితో రెండో మణికట్టు చుట్టితే ఒకదానిమీదొకటి ఎక్కడం. ఛాతీ ఎముక లోపలికి గుంటపడడం లేదా ముందుకు పొడుచుకు రావడం. చిన్నప్పటి నుంచి కళ్ళకి ఎక్కువ పవర్. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుండడం. వీటిలో రెండు కనిపించినా బరువులు ఆపి, నిమ్స్ లాంటి చోట గుండె విభాగంలో ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. పొడుగువాళ్ళలో అత్యధికులకి ఇది ఉండదు, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ చూడడానికి పట్టేది ఐదు నిమిషాలు.

ఇనుప ప్లేటు
ఇది చదివాక నా 8 కిలోల వాదన పక్కన పెడుతున్నాను. ముందు ఆ కొలతలు, తర్వాతే బార్.

కొలతల గిన్నె
దాంతోపాటు సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్, విటమిన్ డి, బీ12 ఒకేసారి రాయించండి. తిండి లెక్క 3,600 నిజంగా నాలుగు వారాలు పోయినా తూకం కదలకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, విపరీతమైన దాహం, తగ్గని విరేచనాలు ఉంటే నాలుగు వారాలు కూడా ఆగొద్దు.

చార్మినార్ స్పైకర్
రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్ళ సంగతి? ఆ నెలలోనే పెరిగిందంతా పోతుంది.

కొలతల గిన్నె
పోనక్కర్లేదు, కానీ ఆ నెలలో పెంచే ఆలోచన మాని, నిలబెట్టుకోవడం మీద దృష్టి పెట్టాలి. సహరీలో అన్నం, మూడు గుడ్లు, పెరుగు, రెండు అరటిపళ్ళు. ఇఫ్తార్‌కి ఖర్జూరం, నీళ్ళు, పైన చెప్పిన షేక్. రెండు గంటల తర్వాత భోజనం. హలీమ్‌లో గోధుమ, మాంసం, పప్పు, నెయ్యి అన్నీ ఉన్నాయి, ఆ సమయానికి దాన్ని మించింది వెతకనక్కర్లేదు. మిర్చీ బజ్జీ, సమోసాలతో కడుపు నింపేస్తే మాత్రం రాత్రి భోజనం పోతుంది.

నెట్ దగ్గర
బరువులు రాత్రి తరావీహ్ నమాజ్ అయినంక, వారానికి రెండు దినాలు, సెట్లు మూడుల రెండు చెయ్యుండ్రి, బార్ మీద బరువు మాత్రం తగ్గించకుండ్రి. పగటిపూట జంపింగ్ డ్రిల్స్ వద్దు, సర్వీసు, చేతుల పని చేయించుండ్రి. కోర్టు సర్, గోడ మీద మొదటి గీత గీసినంక అంకె ఈడ పెట్టుండ్రి, నిలబడి అందింది వేరే, ఎగిరి అందింది వేరే.